నాన్నగారి చుట్ట, బావగారి చుట్ట

నా మొదటి నవల్లో కథానాయకుడు మొదటి పేజీలోనే సిగరెట్టు వెలిగిస్తాడు. మేడమీద కిటికీ దగ్గర నిలబడి, వానకేసి చూస్తూ, పొగని రింగులు రింగులుగా వదుల్తాడు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మగవాడి గాంభీర్యానికి అంతకన్నా మంచి గుర్తు నాకు తెలీదు. ఆ రింగుల్ని మెచ్చుకుంటూ పాఠకురాళ్ళ దగ్గర్నుంచి వుత్తరాలు కూడా వచ్చాయి లెండి.

ఇప్పుడు ఆ నాయకుణ్ణి ఈ కాలానికి తగ్గట్టు తిరగరాయాలంటే పెద్ద చిక్కొచ్చి పడుతుంది. నాయిక కళ్ళనీళ్ళు పెట్టుకుని "మీ మనసులో ఏముందో చెప్పండి" అని అడిగితే అతగాడు "ఒక్క నిమిషం ఆగు, నా అటమైజరు వేణ్ణీళ్ళలో నానుతోంది, నీళ్ళు మార్చి వస్తాను" అంటాడు. ఇది నా కల్పన అనుకునేరు! ఇంగ్లండులో, లెస్టర్‌లో, మా అక్కయ్య యింట్లో రెండు నెలలపాటు కళ్ళారా చూసిందే చెబుతున్నాను.

2024 వేసవిలో వెళ్ళాను అక్కయ్య దగ్గరికి. వెళ్ళిన మూడో రోజు పొద్దున్న అందరికన్నా ముందు లేచి, కాఫీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. సింకు పక్కన చిన్న గాజుగిన్నెలో లేత గోధుమరంగు నీళ్ళున్నాయి. రాత్రి ఎవరో తాగి వదిలేసిన టీ అనుకున్నాను. పరాయి దేశంలో నా శుభ్రత చూపించుకోవాలిగా? ఎత్తి సింకులో వొంపేశాను. టింగుమని చప్పుడైంది. ఏదో చిన్న లోహపు ముక్క, కుట్టుమిషను బాబినంత వుంటుందేమో, తూములోకి జారిపోయింది.

అర్థగంటకి బావగారు దిగి వచ్చారు. ఖాళీ గిన్నె చూశారు. నాకేసి చూశారు. "ఇందులో..." అన్నారు. ఆ తరవాత మాట రాలేదు. అరవయ్యేళ్ళ మనిషి, లెక్కల పద్దుల్లో పెన్నీ తేడా వస్తే ఆఫీసుని హడలెత్తించే మనిషి, గోలీ పోగొట్టుకున్న పసివాడిలా అయిపోయారు. నేను విషయం చెప్పగానే ఒక్క మాట కూడా అనకుండా సింకు కింద చతికిలబడి, వంపుగొట్టం మర విప్పి, అందులోని మురికంతా బకెట్లోకి దులిపి, ఆ ముక్కని పట్టుకున్నారు. దీపం ముందు పెట్టి అటూ యిటూ తిప్పి చూశారు. "పోయింది. ఇది యింక నోట్లో పెట్టుకునేందుకు పనికిరాదు" అని నిట్టూర్చి చెత్తబుట్టలో వేశారు.

"ఇంకొకటి పెట్టెలో వుందిగా, తీసుకోండి" అంది అక్కయ్య, దోసె తిరగేస్తూ.

"వుందనుకో. దీనికింకా రెండు వారాల ఆయుష్షుందోయ్" అన్నారు బావగారు.

అక్కయ్య దోసె కొంచెం గట్టిగానే తిరగేసింది. అప్పటికి నాకది అర్థం కాలేదు.

బావగారు సిగరెట్లు మానేశారని తెలుసు. బదులుగా ఏదో కరెంటు సిగరెట్టు తాగుతారనీ విన్నాను. దాని కడుపులో ఏముంటుందో మాత్రం ఆ రోజే చూశాను. నేను చేసిన నష్టానికి ప్రాయశ్చిత్తంగా, కూర్చుని వినక తప్పింది కాదు. నేను బి.ఏ. చదివినదాన్ని. ఫ్యూజు మార్చడం నేర్చుకున్నది నలభైలో పడ్డాక. అయినా బావగారు చెప్పింది నాకు చిటికెలో బోధపడింది. ఎందుకంటే అందులో వున్నది మా అమ్మ వత్తుల స్టవ్వే!

కింద బ్యాటరీ. పైన చిన్న గాజుతొట్టి. తొట్టి మధ్యలో నేను పారేసిన ఆ ముక్క. అదే అటమైజరు. దాని లోపల సన్నటి తీగ, ఆ తీగని అంటిపెట్టుకుని దూది. తొట్టిలోది దూదికి ఎక్కుతుంది, తీగ వేడెక్కుతుంది, దూది పీల్చుకున్నది ఆవిరై పైకొస్తుంది. వత్తి, నూనె, సెగ. ఇంతే కదా?

"నూనె అనకు మరదలా" అని బావగారు నొచ్చుకున్నారు. "నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణంమీదికొస్తుంది. ఇందులో వుండేది గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, కాస్త నికోటిను, వాసనకోసం ఏదో ఎస్సెన్సు. మేం జ్యూసంటాం."

"మరి ఆ తీగ మెలికలు మెలికలుగా వుందేం?"

"దాన్ని కాయిల్ అంటారు."

కాయిల్ని తెలుగులో ఏమంటారు? తీగ చుట్ట! నేను పకపకా నవ్వేశాను. మా నాన్నగారిది లంక పొగాకు చుట్ట. ఆయన పెద్దల్లుడిది తీగ చుట్ట. లెస్టర్‌లో కాపరమున్నా చుట్ట మాత్రం మా యింటిని వదల్లేదన్నమాట. అక్కయ్య నవ్వలేదు.

ఈ యంత్రం ఇప్పుడున్న రూపంలో పుట్టింది చైనాలో. హోన్ లిక్ అనే మందుల శాస్త్రజ్ఞుడు 2003లో తయారుచేశాడు. ఆయనా విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. ఆయన తండ్రీ పొగతాగి తాగి ఊపిరితిత్తుల కాన్సరుతో పోయాడు. అంతకు చాలా ముందే, 1965లో, అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన పొగలేని సిగరెట్టుకి పేటెంటు పుచ్చుకున్నాడు గానీ, ఆనాడు దాన్ని తయారుచెయ్యడానికి ఎవరూ ముందుకి రాలేదు. రోజుకి రెండు పెట్టెలు వూదిపారేసే రోజులవి, ఎవరికి కావాలి?

మా బావగారూ ముప్ఫయ్యేళ్ళు వూదారు. 2016లో గుండెకి స్టెంటు పడింది. డాక్టరు మానెయ్యమన్నాడు. చూయింగ్ గమ్ము నమిలారు, భుజానికి పట్టీ అంటించుకున్నారు, నెలతిరక్కుండా గరాజులోకి వెళ్ళి దొంగతనంగా కాల్చారు. చివరికి 2017లో దీన్ని పట్టుకున్నారు. అక్కడి డాక్టర్లు దీన్ని అమృతమనరు. సిగరెట్టంత చెడ్డది కాదు, అలాగని మంచిదీ కాదు, సిగరెట్టు మానడానికి వాడుకోండి, అలవాటు లేనివాళ్ళు దీని జోలికి పోకండి అంటారు. "ఆర్నెల్లు వాడి వదిలేస్తాను" అని బావగారు అక్కయ్యకి మాటిచ్చారు.

ఇక ఆ యింట్లో ఆదివారం పొద్దుటి వైభవం చెప్పాలి. స్నానం చేసి, వంటింటి బల్లమీద తెల్లటి కాగితం పరిచి, యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా విప్పుతారు. మా నాన్నగారు దేవుడి గూటి ముందు కూడా అంత నిష్ఠగా కూర్చోలేదు. మిగిలిన జ్యూసు కాగితానికి అద్దేస్తారు. అది చేతికంటితే వెంటనే కడుక్కుంటారు. నికోటిను చర్మంలోంచి కూడా ఎక్కుతుంది, పిల్లలున్న యింట్లో ఆ సీసా చేతికందకూడదు. గాజుతొట్టినీ మూతినీ గోరువెచ్చటి నీళ్ళలో కడుగుతారు. రబ్బరు రింగులు చిన్న మూతలో వేస్తారు. ఒక్క రింగు పోయినా తొట్టి కారుతుంది. బ్యాటరీకి మాత్రం నీళ్ళు తగలనివ్వరు. దాని నోటిదగ్గర వుండే చిన్న బొడిపెని పొడి దూదిపుల్లతో తుడుస్తారు. అక్కడ జిగురు పేరుకుంటే కరెంటు సరిగ్గా అందదట.

తరవాత అసలు ముక్క. నోటితో గట్టిగా వూది లోపలున్న జ్యూసంతా బయటికి కక్కిస్తారు. వేణ్ణీళ్ళలో వేస్తారు. నీళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. పారబోసి మళ్ళీ పోస్తారు. నీళ్ళు తేటగా నిలిచేదాకా ఇదే పని. కొందరు వోడ్కాలో నానబెడతారట. "ఆ మాట అక్కడితో ఆపండి" అంది అక్కయ్య.

అంత నలుపు ఎక్కడిదంటే, పంచదార లాంటిదే. జ్యూసు తియ్యగా వుండాలని సుక్రలోజు వేస్తారు. ఆవిరయ్యేది ఆవిరైపోగా, తీపి తీగమీద మిగిలి ముదురుపాకమై, మాడి, పెంకు కడుతుంది. అరిసెల పాకం గిన్నె అడుగంటితే ఎలా వుంటుందో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? ఆ పెంకు కట్టిన తీగకి దూదిలోని తడి సరిగ్గా అందదు. మాడువాసన వేస్తుంది. బావగారు మామిడిపండు రుచి వాడినన్నాళ్ళూ ముక్క వారానికే చచ్చేదట. తీపిలేని పుదీనాకి మారాక రెండు వారాలు. కడిగి వాడుకుంటే ఇంకో వారమో రెండు వారాలో.

కడగడం కన్నా ఆరబెట్టడం కష్టం. తడి వుంటే చిటపటలాడుతుంది. అంచేత రెండు రోజులు కిటికీలో పెడతారు. ఇంగ్లండు ఎండ ఎంతసేపుంటుందో మీకు తెలుసుగా! ఎండ కిటికీ మారినప్పుడల్లా బావగారు కూడా ఆ ముక్కని పట్టుకుని గది మారేవారు, మన వూళ్ళో వడియాల బట్ట జరుపుకున్నట్టు. బాగా ఆరాక దూదిమీద నాలుగైదు చుక్కలు జ్యూసు వేసి, తొట్టి నింపి, పదినిమిషాలు కదలకుండా వుంచాలి. దూది తడవకముందే మీట నొక్కారో, అంతే, దూది మాడిపోతుంది. మాడిన దూదిని ఏ నీళ్ళూ బాగుచెయ్యవు. మాడువాసన కేవలం రుచి సంగతి కూడా కాదు. ఎండిన వత్తిమీద తీగ మరీ కాగితే ఆవిరిలో విషపదార్థాలు పుడతాయి. అందుకే మొదట్లో తక్కువ సెగ, దమ్ముకీ దమ్ముకీ మధ్య కాస్త వ్యవధి, తొట్టి పూర్తిగా ఖాళీ కాకుండానే మళ్ళీ నింపడం. ఇంత చేసినా, ఒకసారి మాడువాసన తగిలిందంటే ఆ ముక్కని పారెయ్యవలసిందే.

నాకు చిన్నప్పుడు మా అమ్మ కిరసనాయిలు స్టవ్వు వత్తులు పైకి లాగి, నల్లబడ్డ చివళ్ళు కత్తెరతో సమంగా కత్తిరించడం గుర్తొచ్చింది. లాంతరు చిమ్నీని ముగ్గుతో తోమడం నా వంతు. వత్తికి నూనె అందకపోతే వచ్చే ఆ కమురువాసన, మా తరంవాళ్ళకి ముక్కులోనే వుండిపోయింది.

ఇదంతా నాకు సరదాగానే వుంది. ఒక రాత్రి అక్కయ్య నా గదిలోకి వచ్చి మంచంమీద కూర్చునేదాకా.

"నీకు నవ్వొస్తోంది. నాకు నిద్ర రావడం లేదే" అంది. "ఆర్నెల్లన్నారు. ఏడేళ్ళైంది. వారం బతికేదాన్ని కడిగి, ఆరబెట్టి, మూడు వారాలు బతికిస్తున్నారు. అది పాడైన రోజునైనా విసుగొచ్చి మానేస్తారేమోనని నేను చూస్తుంటే, ఆయన దానికి ఆయుష్షు పోస్తున్నారు!"

నేను మాట్లాడలేదు. పక్కగదిలో బావగారు ఒకసారి దగ్గారు. అక్కయ్య మాట మధ్యలో ఆపేసి, తల కొంచెం పక్కకి వంచి, ఇంకో దగ్గు వస్తుందేమోనని విన్నది. రాలేదు. మళ్ళీ మాట్లాడసాగింది.

ఆ తల వంపడం నాకు తెలుసు. రాజమండ్రిలో, చావిడి పక్క గదిలో, అమ్మ అలాగే వినేది. నాన్నగారి చుట్టకి ఏ సేవా అక్కర్లేదు. కొస కొరికి, వెలిగించి, బూడిద దులిపేస్తే సరి. తెల్లారగట్ల ఆయన దగ్గు మొదలయ్యేది. మొదట్లో అది మాకు కోడికూతలాంటిది. తరవాత తరవాత అమ్మ ఒక్కో దగ్గునీ లెక్కపెట్టేది. 1999లో ఆ లెక్క అయిపోయింది. అక్కయ్య అప్పటికే ఇంగ్లండులో వుంది, ఆఖరిచూపుకి అందలేదు. అక్కడ వినలేకపోయిన దగ్గుని ఇరవయ్యైదేళ్ళుగా ఇక్కడ వింటోంది కాబోలు.

మర్నాడు బావగారితో తేల్చుకుందామని సిద్ధమయ్యాను. అప్పుడు నేను ఏం చేస్తున్నానో కూడా చెప్పాలి. నా సూట్‌కేసులో మా యింటి ఇత్తడి కాఫీ ఫిల్టరు తీసుకెళ్ళాను. అది లేకపోతే నాకు తెల్లవారదు. చిల్లులు పూడుకుపోయి డికాక్షను దిగడం లేదు. అంచేత పై గిన్నెని పట్టకారుతో పట్టుకుని గ్యాసు మంటమీద కాలుస్తున్నాను. చిల్లుల్లో ఇరుక్కున్న పొడి కాలి రాలిపోతుంది. దక్షిణాది ఇల్లాళ్ళందరికీ తెలిసిన చిట్కాయే.

"బావా, ఆర్నెల్లని ఏడేళ్ళు చేశారటగా" అన్నాను.

బావగారు నా చేతిలోని ఫిల్టరుకేసి చూశారు. "మొదట్లో నేను తీగ నేనే చుట్టుకునేవాణ్ణి మరదలా. అప్పుడు దూది తీసేసి, ఆ తీగని ఇలాగే ఎర్రగా కాల్చి, బ్రష్షుతో రుద్ది, కొత్త దూది పెట్టేవాణ్ణి. నీది ఏ పద్ధతి?"

నేను మంట ఆర్పేశాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చూడూ. మీ అక్కయ్య అనేది నిజమే. ఇది నాకు వంతెన కావలసింది, యిల్లయి కూర్చుంది. కానీ 18 మిల్లీగ్రాముల నికోటినుతో మొదలుపెట్టి 3కి దిగాను. అది ఆవిడకి చెబితే మళ్ళీ ఎక్కానేమోనని రోజూ సీసా తీసి చూస్తుంది. అందుకే చెప్పలేదు." కాసేపాగి అన్నారు. "కడగడం ఎందుకంటావేమో. పిసినారితనం కొంత. కొత్తవి అయిదింటికి పది పన్నెండు పౌండ్లు. ఇంకోటి కూడా వుంది. వారానికోసారి గిన్నెలో ఆ నల్లనీళ్ళు కనపడతాయి. సిగరెట్టు రోజుల్లో ముప్ఫయ్యేళ్ళు ఆ నలుపంతా లోపలికే పోయింది. ఒక్కనాడూ కంటబడలేదు."

నవలల్లో ఇలాంటి మాటకి నేను ఒక పేజీ జవాబు రాసేదాన్ని. ఆ రోజు మాత్రం ఫిల్టరు కడుక్కుని, ఆయనకీ ఓ గ్లాసుడు కాఫీ కలిపిచ్చాను.

ఆ దేశంలో అందరూ ఇలా కడిగి దాచుకునేవాళ్ళే కారు సుమండీ. ఒకసారి తాగి పారేసే రకాలు రంగురంగులవి రోడ్డుపక్కన కాళ్ళకింద పడుతూండేవి. 2023లో వేసిన లెక్క ప్రకారం బ్రిటన్‌లో వారానికి దాదాపు 50 లక్షలు పారేసేవారట, బ్యాటరీలతో సహా. చదువుకునే పిల్లల నోళ్ళకీ అవే చేరాయి. చివరికి 2025 జూన్ 1 నుంచి వాటి అమ్మకం నిషేధించారు. తొట్టి నింపుకుని, ముక్క మార్చుకుని వాడేవి మాత్రం వుంచారు. మన దేశం 2019లోనే అన్ని రకాల్నీ కలిపి నిషేధించింది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిలవ, ప్రకటన, ఏదైనా నేరమే. రెండు దేశాలూ ప్రజల మంచికోరే చేశాయి. మధ్యలో విమానం ఎక్కి దిగే మా బావగారికే యిరకాటం.

ఆ యిరకాటం 2025 సంక్రాంతికి వచ్చింది. అమ్మని చూడాలని అక్కయ్యా, బావగారూ మూడు వారాలకి రాజమండ్రి వచ్చారు. యంత్రాన్ని కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టి లెస్టర్‌లోనే వదిలేసి వచ్చారు. అక్కయ్య విమానాశ్రయంలో కూడా ఆయన జేబులు తడిమిందట.

మొదటి వారం బావగారి చేతులు చూడలేకపోయాను. ఏదో ఒకటి విప్పకపోతే వుండలేవవి. అమ్మ రేడియో విప్పారు. పంపు విప్పి వాషరు మార్చారు. ఒకరోజు పొద్దున్న నేను లేచేసరికి నా ఫిల్టరు మంటమీద కాల్చి, చింతపండుతో తోమి, ఎండలో ఆరబెట్టి వుంది. రాజమండ్రి ఎండ! అర్థగంటలో ఎండిపోయింది. ఆయన దాన్నే చూస్తూ అరుగుమీద కూర్చున్నారు.

కనుమ నాటి సాయంత్రం ఆయన కనిపించలేదు. చీకటిపడ్డాక వచ్చారు. అక్కయ్య వీధి గుమ్మంలోనే నిలబడి వుంది. వాసన దాచలేనిది. "ఒకటి కొన్నాను. రెండు దమ్ములు లాగాను. బడ్డీకొట్టువాడి ముందే పారేశాను. గొంతు మండిపోయింది" అన్నారు, అడక్కుండానే. గరాజులో దొంగతనంగా కాల్చిన మనిషే, ఇలా ఎదురుగా నిలబడి చెప్పాడు.

అక్కయ్య ఏడుస్తుందనుకున్నాను. "కాళ్ళు కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది" అంది. వడ్డించేటప్పుడు ఆయనకి నెయ్యి రెండోసారి వేసింది. ఆ తరవాతి పదిరోజులూ సాయంత్రం వీధిలోకి షికారు ఆయన వొక్కరూ వెళ్ళలేదు. అక్కయ్య కూడా చెప్పులేసుకునేది. నడుస్తూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలీదుగానీ, ఆ 3 మిల్లీగ్రాముల సంగతి మాత్రం ఆ రోజుల్లోనే అక్కయ్యకి తెలిసింది.

ఫిబ్రవరిలో లెస్టర్ నుంచి అక్కయ్య ఫోను చేసింది. "వెళ్ళగానే పెట్టె తీశారే. మళ్ళీ అంతా విప్పి, కడిగి, ముక్కని కిటికీలో పెట్టారు."

"తరవాత?"

"అక్కడే వుంది. పదిరోజులైంది. ఇంకా ఆరలేదా అని అడుగుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. మింగేశాను."

మార్చిలో ఆయన ఆఫీసు గొడవల్లో వుండగా ముక్క కిటికీలోంచి మాయమైంది. పది రోజుల తరవాత మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈమధ్య నికోటిను బొత్తిగా లేని జ్యూసు తెచ్చుకున్నారట. దూది మాడిందని ఒకటి పారేస్తే, కొత్తది వెంటనే బిగించలేదట. ఆదివారం ఆదివారం అక్కయ్య ఫోను చేస్తుంది. వాతావరణం సంగతీ, అమ్మ మోకాళ్ళ సంగతీ అయ్యాక, నేనడక్కుండానే కిటికీ సంగతి చెబుతుంది.

నిన్న కూడా చేసింది. ముక్క కిటికీలోనే వుందిట.